పద్దులో మిగిలిన పేర్లు



పెద్దల పండగ నాడు ఉత్తరాంధ్ర ఇళ్ళలో కొత్తబట్టలు పెట్టి, పిండివంటలు వడ్డించి, పోయినవాళ్ళను తలుచుకుంటారు. తర్పణాలు విడిచే ఇళ్ళలో పురోహితుడు పేర్లు అడుగుతాడు. తండ్రి, తాత, ముత్తాత. మూడు తరాలతో మంత్రం ఆగుతుంది, చాలా కుటుంబాల్లో జ్ఞాపకం కూడా అక్కడే ఆగుతుంది. చీడికాడలోనో చోడవరంలోనో డెబ్బై దాటిన పెద్దాయన్ని పట్టుకుని ముత్తాత తండ్రి పేరేమిటని అడిగితే ఇంటిపేరు చెబుతాడు, ఏ ఊరినుంచి వచ్చారో చెబుతాడు. ఆ మనిషి పేరు మాత్రం ఆయనకు తెలియదు.

అలాంటి పేరు ఒక్కోసారి సముద్రం అవతల దక్షిణాఫ్రికాలో, డర్బన్ నగరానికి చేరిన ఓడల చిట్టాలో ఉంటుంది. తండ్రి పేరుతో సహా, వయసుతో సహా, ఒంటి మీది మచ్చలతో సహా.

సొంత ఊరి కాగితాల్లో లేని మనిషి అంత దూరాన ఎలా దొరుకుతాడో తెలియాలంటే ముందు మన కాగితాల సంగతి చూడాలి. చీడికాడ ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. 2022 దాకా విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. చోడవరం, మాడుగుల ప్రాంతాల్లో ఎక్కువ భాగం ఒకప్పుడు జమీందారీ నేల. 1802లో కుంపిణీ ప్రభుత్వం ఇక్కడ శాశ్వత శిస్తు పద్ధతి పెట్టింది. జమీందారు తన ఎస్టేటు మొత్తానికి పేష్కషు అనే శిస్తు కడితే చాలు. కింద ఏ రైతు ఎంత దున్నుతున్నాడో, అతని తండ్రి ఎవరో సర్కారుకు అక్కర్లేదు. రైత్వారీ జిల్లాల్లో ఒక్కో పట్టాదారు పేరూ ప్రభుత్వ దస్త్రంలోకి ఎక్కింది. ఇక్కడ ఆ లెక్క కరణం చేతిలోనూ, ఎస్టేటు కచేరీలోనూ ఉండిపోయింది. 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాక గానీ సర్కారు సర్వేలు, సెటిల్‌మెంటు దస్త్రాలు ఈ ఊళ్ళలో ఎక్కువవాటికి రాలేదు. 1984లో కరణాల వ్యవస్థ కూడా పోయింది. ఇక కూలికి పోయేవాడూ, పాలికాపూ, ఇంటి ఆడవాళ్ళూ ఆ పాత లెక్కల్లోనూ లేరు. వాళ్ళ పేరు మీద భూమి లేదు, శిస్తు లేదు. అందువల్ల రాత కూడా లేదు.

కలవాళ్ళు తమ పేరు తామే రాయించుకున్నారు. సింహాచలం గుడి గోడల మీద పదకొండో శతాబ్దం చివరినుంచి శాసనాలున్నాయి. అఖండ దీపానికి దానమిచ్చినవారి పేరు, తండ్రి పేరు, ఇచ్చిన సొమ్ము రాతిలో చెక్కి ఉంటాయి. గయకో కాశీకో యాత్ర వెళ్ళగలిగిన కుటుంబాల పేర్లు అక్కడి పండాల బహీల్లోకి ఎక్కాయి. పండా పాత పుస్తకం తీసి, మీ తాత ఫలానా ఏట వచ్చి పిండం పెట్టాడని చెప్పడం యాత్రికులకు తెలిసిన సంగతే. మరి ఏమీ లేనివాడి పేరు ఎవరు రాస్తారు? అతని మీద ఎవరైనా డబ్బు పెట్టినప్పుడు, పెట్టినవాడు రాస్తాడు. వంశవృక్షాలు వెతికేవాళ్ళకు ఇంతకన్నా పనికొచ్చే సూత్రం మరొకటి లేదు.

దీన్ని బాగా కనిపెట్టినవాళ్ళు అమెరికాలో తమ మూలాలు వెతుక్కున్నవాళ్ళు. పదిహేడో శతాబ్దంలో వర్జీనియా వలసకు వెళ్ళినవారి ఓడ జాబితాలు చాలావరకు మిగల్లేదు. మిగిలినవి భూమి పట్టాలు. ఒక మనిషి ఓడ ఖర్చు భరించి వర్జీనియాకు తెచ్చినవాడికి తలకు యాభై ఎకరాలు ఇచ్చే పద్ధతి ఉండేది. ఆ ఎకరాలు రావాలంటే తెచ్చినవాళ్ళ పేర్లు పట్టా దరఖాస్తులో రాయాలి. అలా రాసినందువల్లే వేలమంది పేద నౌకర్ల పేర్లు భూమి దస్త్రాల్లో బతికాయి. 1718 తరువాత శిక్షపడ్డ ఖైదీలను ఇంగ్లండు నుంచి అమెరికాకు తోలినప్పుడు, తలకు ఇంత అని గుత్తేదారుకు ఖజానా చెల్లించింది. వాళ్ళ జాడ కోర్టు పుస్తకాల్లోనే కాక ఆ చెల్లింపుల లెక్కల్లోనూ దొరుకుతుంది. 1654 నుంచి 1686 దాకా బ్రిస్టల్ రేవులో ఒప్పందం రాసుకుని వలసలకు వెళ్ళిన పదివేల మందికి పైగా నౌకర్ల వివరాలు ఆ నగరపాలక పుస్తకాల్లో ఉన్నాయి.

ఆ వర్జీనియా పట్టాల్లో మనకు సంబంధించిన పేరు ఒకటుంది. 1635లో జార్జ్ మెనెఫీ అనే వర్తకుడు తాను తెచ్చినవాళ్ళ జాబితాలో టోనీ అని రాసి, ఈస్ట్ ఇండియన్ అని చేర్చాడు. అమెరికా గడ్డ మీద కాగితానికెక్కిన తొలి భారతీయుల్లో అతనొకడు. టోనీ అన్నది ఎవరో పెట్టిన పేరు. అతని ఊరు, తల్లిదండ్రులు ఆ పట్టాలో లేరు, ఎందుకంటే ఎకరాలు రావడానికి అవి అక్కర్లేదు. యాభై ఎకరాలకు సరిపడా వివరం మాత్రమే మిగిలింది. 1790 డిసెంబరులో మసాచుసెట్స్‌లోని సేలం పట్టణంలో విలియం బెంట్లీ అనే మతాచార్యుడు మద్రాసు నుంచి వచ్చిన మనిషిని చూశానని తన దినచర్య పుస్తకంలో రాసుకున్నాడు. అందులో పేరు కూడా లేదు.

డచ్చివాళ్ళ కాలంలో కోరమండల్ తీరం నుంచి బానిసలుగా కొనుక్కుపోయిన జనం సంగతీ అంతే. భీమునిపట్నంలో వాళ్ళ కోఠీ ఉండేది, వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. ఆఫ్రికా కొసన కేప్‌టౌన్‌లో ఆ బానిసల క్రయ దస్తావేజులు దాచి ఉంచారు. అక్కడ బానిసలకు పేరు వెనక వాళ్ళు వచ్చిన తీరాన్నో రేవునో తగిలించేవారు. అమ్మకం జరిగిన ప్రతిసారీ కొత్త కాగితం పుట్టింది. ఒక మనిషి జీవితాన్ని అతన్ని కొన్న రసీదుల వెంట చదవాల్సి రావడం ఎంత బాధ! అయినా ఆ బానిసల వారసులకు మరో దారి లేదు.

ఇప్పుడు మన ఊళ్ళ దగ్గరికి వద్దాం.

1860 అక్టోబరులో ట్రూరో అనే ఓడ మద్రాసు రేవు నుంచి బయలుదేరింది. నవంబరు 16న డర్బన్ చేరింది. అందులో 342 మంది ఉన్నారు. అప్పటి నుంచి 1911 దాకా, డర్బన్ రేవు ఉన్న నేటాల్ వలసకు 1,52,184 మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా వెళ్ళారు. సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు నుంచే. వాళ్ళలో తెలుగువాళ్ళు, అందులోనూ విశాఖపట్నం జిల్లావాళ్ళు చాలామంది. ఐదేళ్ళు తోటలో పనిచేస్తామని ఒప్పందం. చెరుకు నాటడం, కొట్టడం, గానుగకు చేర్చడం. చోడవరం, అనకాపల్లి చుట్టుపట్ల చెరుకు మడిలో నీళ్ళు కట్టిన చేతులే అక్కడా చెరుకు కొట్టి ఉంటాయి.

ప్రతి మనిషి ఓడ ఖర్చుకూ యజమాని సొమ్ము కట్టాలి. అందుకని ప్రతి మనిషికీ ఒక అంకె ఇచ్చారు. ఆ అంకె ఎదురుగా పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా, కులం, జిల్లా, ఠాణా, ఊరు, ఒంటి గుర్తులు, ఎత్తు, ఏ యజమానికి అప్పజెప్పారో రాశారు. మశూచి మచ్చలు, కాలిన గాటు, ముంజేతి మీద పచ్చబొట్టు. కూలీ పారిపోతే పట్టుకోవడానికి రాసుకున్న గుర్తులవి. ఈరోజు ఆ మనిషి మునిమనుమరాలికి తన పెద్దల శరీరం గురించి మిగిలిన ఒకే ఒక్క మాట అదే. ఆ అంకె అతన్ని వదల్లేదు. పెళ్ళి నమోదులో, ఫిర్యాదులో, తిరుగు ప్రయాణం కాగితంలో, చావు నమోదులో అదే అంకె. పేరు పది రకాలుగా మారినా అంకె పట్టుకుంటే మనిషి దొరుకుతాడు. ఈ చిట్టాలను క్వాజులు నేటాల్ విశ్వవిద్యాలయంలోని గాంధీ లుథులి కేంద్రంవారు కంప్యూటరులోకి ఎక్కించారు. ఆ చిట్టాల ఆధారంగానే చరిత్రకారుడు సురేంద్ర భానా 1991లో పుస్తకం రాశారు.

ఇందులో మనసును కదిలించేది ఆడవాళ్ళ సంగతి. నూరుమంది మగవాళ్ళకు ఇంతమంది ఆడవాళ్ళు ఉండాలని నిబంధన ఉండేది. వెళ్ళిన ప్రతి ఆడమనిషికీ తన అంకె, తన తండ్రి పేరు, తన ఊరు, తన ఎత్తు విడిగా రాశారు. పందొమ్మిదో శతాబ్దపు విశాఖ పల్లెలో ఒక కూలి స్త్రీ పేరు ఏ సర్కారు కాగితంలో ఉంటుంది? శిస్తు లెక్కలో ఉండదు, గుడి రాతిలో ఉండదు. చంకలో బిడ్డతో ఓడెక్కినామె ఆ చిట్టాలో బిడ్డతో సహా ఉంది. ఊళ్ళో ఉండిపోయిన ఆమె అక్కచెల్లెళ్ళు ఎక్కడా లేరు.

కూలీలు వెళ్ళిన దీవుల్లోనూ ఇదే కథ. మారిషస్‌కు 1834 మొదలు దాదాపు నాలుగున్నర లక్షల మంది వెళ్ళారు. మన కోరంగి, కాకినాడ రేవుల నుంచి కూడా తెలుగువాళ్ళు ఎక్కారు. 1860ల నుంచి అక్కడ కూలీల ఫోటోలు తీయడం మొదలైంది. మోకా అనే చోట మహాత్మా గాంధీ సంస్థలో ఆ రిజిస్టర్లు, ఆ ఫోటోలు భద్రంగా ఉన్నాయి. విశాఖ పల్లెలో ఏ పేదవాడి ముఖమూ కెమెరా చూడని రోజుల్లో, సముద్రం దాటినవాడి ముఖం పలక మీద పడింది. ఫిజీకి 1903లో మద్రాసు నుంచి ఓడలు మొదలయ్యాయి. సువాలో ఉన్న వలస పాసుల్లో మరో గడి అదనంగా ఉంటుంది, దగ్గరి బంధువు పేరు. ఆ గడిలో అన్న పేరో తల్లి పేరో ఉంటే, ఊళ్ళో ఉండిపోయిన శాఖ చేతికి అందినట్టే. 1828 ప్రాంతంలో యానాం నుంచి రీయూనియన్ దీవికి వెళ్ళిన తెలుగువాళ్ళ సంగతులు కావాలంటే ఫ్రాన్సులో ఎక్స్ పట్టణానికి పోవాలి. ఫ్రెంచి వలసల దస్త్రాలు చాలావరకు అక్కడే చేర్చారు. విశాఖ జిల్లాలో మిషనరీల బడుల్లో చదివినవాళ్ళ జాడ ఇంకా దూరంలో ఉంటుంది. 1805లో వైజాగు వచ్చిన లండన్ మిషన్ కాగితాలు లండన్‌లోనూ, తరువాత వచ్చిన కెనడా బాప్టిస్టుల కాగితాలు ఒంటారియోలోని హామిల్టన్‌లోనూ ఉన్నాయి. బడికి, ఆసుపత్రికి చందాలిచ్చిన కెనడావాళ్ళకు ఏటేటా నివేదిక పంపాలి కదా, అందుకని రాశారు.

చిట్టా చదవడం మాత్రం అంత తేలిక కాదు. తెలుగు పేరు తెలుగు రాని గుమాస్తా చెవిన పడి ఇంగ్లీషు అక్షరాల్లో దిగింది. చీడికాడ అన్న మాట నాలుగు రకాల వర్ణక్రమాల్లో ఉండొచ్చు. అందుకని ఊరు దొరకనప్పుడు ఠాణా చూడాలి, అదీ తేలనప్పుడు మనిషి పేరే ఊరు చెబుతుంది. అప్పలస్వామి, అప్పలరాజు, సింహాద్రి అనే పేర్లు సింహాచలం అప్పన్న సీమవి. నూకయ్య, నూకాలు అనకాపల్లి నూకాలమ్మ పేరిట పెట్టుకున్నవి. పైడయ్య, పైడితల్లి విజయనగరం అమ్మవారి పేరు. దక్షిణాఫ్రికాలో నేటికీ అప్పలస్వామి, అప్పలరాజు ఇంటిపేర్లుగా చెలామణీ అవుతున్నాయి. కులం గడి కూడా దారి చూపుతుంది. కాపు అని ఉంటే తెలుగునేల అంతా వెతకాలి. గవర అని ఉంటే వెతుకులాట అనకాపల్లి, చోడవరం చుట్టుపక్కలకు కుదించుకుపోతుంది, ఎందుకంటే ఆ కులంవారు పూర్వం నుంచీ విశాఖపట్నం జిల్లాలోనే ఎక్కువ.

రాసిందంతా నిజమనుకోకూడదు కూడా. వయసు అందాజు. ఇంట్లో చెప్పకుండా వచ్చినవాడు ఊరు మార్చి చెప్పి ఉండొచ్చు. కులం అడిగితే, ఓడ కోసం ఆగిన డిపోలో పక్కనున్నవాడి కులమే చెప్పి ఉండొచ్చు. వర్జీనియాలోనూ ఒకే మనిషి పేరు చూపించి ఇద్దరు ముగ్గురు భూమి రాయించుకున్నారు, పట్టా తేదీ ఆ మనిషి దిగిన తేదీ కానే కాదు. డబ్బు కోసం రాసిన రాత డబ్బుకు సంబంధించినంతవరకే జాగ్రత్తగా ఉంటుంది.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇంటిపేరు. మన పల్లెలో మనిషిని గుర్తుపట్టేది ఇంటిపేరుతో. నేటాల్ చిట్టాలో ఇంటిపేరుకు గడే లేదు. అక్కడికి వెళ్ళిన మనిషి సొంత పేరే మనుమల ఇంటిపేరుగా మారింది. డర్బన్ నుంచి వచ్చిన మనిషి తాత పేరు అప్పలస్వామి, ఆయన తండ్రి పేరు సన్యాసి, ఊరు ఇది అని కాగితం చూపిస్తే, ఏ అప్పలస్వామి అని ఊరు అడుగుతుంది. ప్రతి పల్లెలోనూ పదిమంది ఉంటారు మరి! వేలమైళ్ళు దాటి ఊరిదాకా వచ్చిన ఆధారం చివరి వీధిలో ఆగిపోతుంది.

నేటాల్, మారిషస్ కన్నా ఉత్తరాంధ్ర జనం ఎన్నోరెట్లు ఎక్కువగా వెళ్ళింది రంగానికి. రంగం అంటే రంగూన్. విశాఖ, భీమిలి, కళింగపట్నం, కాకినాడ రేవుల్లో స్టీమరు ఎక్కి ఊడ్పుల నాటికి, కోతల నాటికి, మిల్లుల్లో పనికి వెళ్ళి వచ్చేవారు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో పది లక్షలకు పైగా భారతీయులున్నారు, రంగం నగరంలో సగానికి పైగా వాళ్ళే. ఇంతమంది వెళ్ళినా ఒక్కొక్క మనిషి పేరు దొరకడం చాలా కష్టం. 1937 దాకా బర్మా ఇండియాలో భాగం, పాసు అక్కర్లేదు. దారి ఖర్చు అప్పుగా పెట్టింది మేస్త్రీ, సర్కారు కాదు. మేస్త్రీ పద్దు మేస్త్రీ సంచిలోనే ఉండి, అతనితోనే పోయింది. 1942లో జపాను సైన్యం వచ్చినప్పుడు నాలుగు లక్షలకు పైగా జనం అడవుల వెంట నడిచి వచ్చారు. దారిలో పోయినవారి పేర్లు చాలావరకు ఎక్కడా లేవు. 1960లలో బర్మా నుంచి తరిమేస్తే వచ్చిన కుటుంబాలు విశాఖ కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపులో స్థిరపడ్డాయి. వాళ్ళ ట్రంకు పెట్టెల్లోని గుర్తింపు కార్డులు, పునరావాస కాగితాలు ఇప్పుడు ఆ చరిత్రకు మిగిలిన ఆధారాల్లో ముఖ్యమైనవి. అవి చెదలు పట్టకముందే ఎవరైనా ఫోటోలు తీసి ఉంచాలి.

రంగం సొమ్ము మాత్రం ఒకచోట గుర్తు మిగిల్చింది. వెళ్ళి సంపాదించి వచ్చినవాడు ఊళ్ళో ఎకరమో అరెకరమో కొన్నాడు. కొనుగోలు దస్తావేజు రిజిస్ట్రారు ఆఫీసులో నమోదైంది. వంశం వెతికేవాళ్ళు సాధారణంగా అటు చూడరు, అది ఆస్తి తగాదాల చోటు అనుకుంటారు. నిజానికి పల్లె జనం పేర్లు ఇంత దట్టంగా ఉన్న చోటు మరొకటి లేదు. అమ్మినవాడు, కొన్నవాడు, వాళ్ళ తండ్రులు, ఇంటిపేర్లు, సాక్షులు, రాసిన లేఖరి. ఆపైన నాలుగు హద్దులు. తూర్పున ఫలానావారి మడి, దక్షిణాన ఫలానావారి మెట్ట, పడమర గెడ్డ, ఉత్తరాన ఫలానావారి కళ్ళం. అమ్మకంతో ఏ సంబంధమూ లేని ఇరుగుపొరుగు కూడా ఆ హద్దుల్లోకి వచ్చి చేరారు. భూమి వదిలి వెళ్ళిపోయినవాడి పేరు కూడా హద్దుల్లో ఏళ్ళతరబడి అలాగే నడుస్తుంది, ఎందుకంటే పాత దస్తావేజు చూసి కొత్తది రాస్తారు.

అంటే చిట్టాలో తెగిపోయిన ఇంటిపేరును హద్దుల్లో కలుపుకోవచ్చు. నేటాల్ పోయిన అప్పలస్వామి తండ్రి సన్యాసి పేరు, ఏదో ఒక పాత దస్తావేజులో పడమటి హద్దుగా ఇంటిపేరుతో సహా కనిపించే అవకాశం ఉంది. దానికి కొంచెం ఓపిక కావాలి. కంప్యూటరులో ఈసీ, అంటే ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం, 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి కావాలంటే చోడవరం సబ్ రిజిస్ట్రారు ఆఫీసులోలాంటి చోట చేతిరాత సూచికలు తిరగేయించుకోవాలి. చట్టం ప్రకారం మొదటి సూచికలో మనుషుల పేర్లు, రెండో సూచికలో ఊళ్ళు, ఆస్తులు ఉంటాయి. హద్దుల్లోని పేర్లకు సూచిక లేదు, దస్తావేజు తెరిచి చదవాల్సిందే.

ఈ పనికి ఇప్పుడు అవసరం కూడా పెరిగింది. విదేశాల్లోని భారత సంతతివారు ప్రవాస భారత పౌరులకిచ్చే ఓసీఐ కార్డు తీసుకోవాలంటే తమ పెద్దలు ఇక్కడివారని నిరూపించుకోవాలి. 2024లో మారిషస్‌లోని భారత సంతతికి ఏడో తరం దాకా ఆ అర్హత కల్పిస్తామని భారత ప్రభుత్వం ప్రకటించింది. ఏడు తరాలంటే ఓడెక్కిన మనిషి దాకా పోవడమే. వచ్చేవాళ్ళ చేతిలో జిల్లా, ఠాణా, ఊరు ఉన్న కాగితం ఉంటుంది.

మన వైపు నుంచి చేయగలిగిన పని ఒకటి ఉంది. మా తాత తమ్ముడు రంగం పోయి రాలేదు, మా ముత్తవ్వ అన్న ఓడెక్కాడట అని చెప్పగలిగిన ముసలివాళ్ళు కొందరు ఇంకా ఉన్నారు. చీడికాడ, తురువోలు, కోనాం, మాడుగుల ఎక్కడైనా సరే, బడిపిల్లలు ఒక నోటు పుస్తకం పట్టుకుని వాళ్ళ దగ్గర కూర్చోవాలి. పోయినవాడి పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు, అన్నదమ్ముల పేర్లు, ఏ పొలం పక్కన ఇల్లు, ఏ అమ్మవారికి మొక్కేవాళ్ళు అన్నవి రాసుకోవాలి. ఆ పుస్తకం ఒక ప్రతి ఊరి గ్రంథాలయంలో, ఇంకో ప్రతి మండల కేంద్రంలో ఉంచితే చాలు. డర్బన్ నుంచో పోర్ట్ లూయీ నుంచో ఎవరైనా కాగితం పట్టుకుని దిగిన రోజున, ఏ అప్పలస్వామి అన్న ప్రశ్నకు ఊరు జవాబు చెప్పగలుగుతుంది.